కోతులకా, మనుషులకా? ముందు అది చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

హెచ్‌ఐవీ రాకుండా ఆపే యాంటీబాడీ (రోగక్రిముల్ని అడ్డుకునే ప్రొటీన్) ఇంజెక్షన్ అంటూ పత్రికల్లో, వాట్సాప్‌లో తిరుగుతున్న వార్తల గురించి ఈ ఉత్తరం. మాది అమలాపురంలో మందుల షాపు. మొన్న ఒకాయన మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆగి, "టీకా వచ్చేసిందంట కదండీ, ఈ బిళ్లలు ఇంక మానేయొచ్చా?" అని అడిగారు. చేతిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌ వాళ్లిచ్చిన డబ్బా. ఎవరి కంటా పడకుండా లేబుల్ గీకేసి ఉంది. మానొద్దని గట్టిగా చెప్పి పంపాను.

అసలు పరిశోధన మంచిదే. ఈ వైరస్ తెల్లకణంలోకి దూరాలంటే కణం మీదున్న సీడీ4 అనే గ్రాహకాన్ని (వైరస్‌కు తలుపు గడియ లాంటిది), ఆపైన ఎక్కువగా సీసీఆర్5 అనే ఇంకోదాన్ని పట్టుకోవాలి. వైరస్‌నే పట్టే యాంటీబాడీలతో చిక్కేమిటంటే, వైరస్ పూటకో వేషం వేస్తుంది. అలాంటి యాంటీబాడీ ఒకటి వేలమంది మీద పరీక్షిస్తే మొత్తమ్మీద రక్షణ ఇవ్వలేదని 2021లో తేలింది. గ్రాహకం మన ఒంటిది, వేషం మార్చదు. దాని మీదే యాంటీబాడీని కూర్చోబెట్టడమంటే, ఉప్పునీరు చేలో పడ్డాక తోడుకోకుండా తూము దగ్గరే పలక దించడం. సీసీఆర్5ను కప్పే లెరాన్‌లిమాబ్ అనే యాంటీబాడీని ఎక్కువ డోసులో ఇస్తే ఒక్కదానికీ వైరస్ సోకలేదని అదే ఏడాది అమెరికా పరిశోధకులు ప్రకటించారు.

ఒక్కదానికీ అంటే ఒక్క కోతికీ అని! పైగా వాళ్లు వాడింది కోతుల కోసం ల్యాబులో తయారుచేసిన వైరస్. సీడీ4ను పట్టే ఇబాలిజుమాబ్ అనే యాంటీబాడీకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అది మందులకు లొంగని వైరస్ ఉన్నవాళ్లకి చికిత్స, రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి. సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో గ్రాహకం దారిన వచ్చే రకాన్ని సీసీఆర్5 యాంటీబాడీ ఆపలేదు కూడా. ఇవేవీ హెడ్డింగులో కనబడవు.

అందుకే నా మనవి. పరీక్ష కోతుల మీదా, మనుషుల మీదా, నివారణకా, చికిత్సకా అన్నది మొదటి వాక్యంలోనే రాయండి. పక్కన చిన్న బాక్సు కట్టి, ఇవాళ చేతిలో ఉన్నవి కూడా చెప్పండి. ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తున్న మందులు మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిపోయి అలాగే ఉంటే, కాపురం వల్ల భార్యకో భర్తకో అది సోకదు. వాడిన సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపే మందు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. అనుమానముంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. సంక్రాంతి పందేలకు సగం పేజీ ఇచ్చే మీకు ఈ నాలుగు లైన్ల జాగా పెద్ద లెక్క కాదు.

- ఒక మందుల షాపు యజమాని, అమలాపురం