నామినీ పేరు ఒక్కటే సరిపోదు, వీలునామా రాయండి

సంపాదకులకు నమస్కారం.

"ఫలానా వ్యక్తి మరణించినందున వారసులమని కోర్టులో పిటిషన్ వేశారు, అభ్యంతరాలుంటే తెలపండి" అంటూ మీ పత్రికలో చిన్న అక్షరాల ప్రకటనలు వస్తుంటాయి. వాటిని చదివేవాళ్ళు తక్కువ. బ్యాంకులో డెత్ క్లెయిములు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి నేను మాత్రం చదువుతాను. చదివిన ప్రతిసారీ ఆ పెద్దాయన బతికుండగా ఒక్క కాగితం రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మనవాళ్ళు చాలామంది నామినీ పేరు రాస్తే పని అయిపోయిందనుకుంటారు. భర్త పోయిన మనిషి కౌంటర్ దగ్గరకొచ్చి "నామినీని నేనే కదండీ, మరి మా అత్తగారు వాటా అడుగుతున్నారేంటి" అంటే చెప్పలేక చచ్చేవాళ్ళం. బ్యాంకు నామినీ చేతికి డబ్బిచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది, అంతే. ఆ డబ్బు ఎవరికి చెందాలనేది వీలునామా చెప్పాలి, అది లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్ళదే. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు, మంచిదే, కానీ నలుగురిని పెట్టినా అసలు సంగతి మారదు.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే అతని స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి సమానంగా వెళ్తుంది. అంటే ఇద్దరు పిల్లలుండి తల్లి బతికి ఉంటే, జీవితమంతా ఆ ఇంటికి చాకిరీ చేసిన భార్యకు దక్కేది నాలుగో వంతు. తల్లికి ఇవ్వొద్దని కాదు, ఆవిడకెంత, ఈవిడకెంత అన్నది ఆయనే చెప్పి ఉంటే కోడలూ అత్తా వకీళ్ళ చుట్టూ తిరిగే పని ఉండదు కదా! తండ్రి పేరు ఈ మొదటి వరసలో అసలు లేదని ఎంతమందికి తెలుసు? ముస్లింలకు లెక్క వేరు, మిగతా వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి లేదు.

ఇంకా అన్యాయం ఆడవాళ్ళకు. ఉద్యోగం చేసి ఫ్లాటు కొనుక్కున్న హిందూ స్త్రీ, భర్త ముందే పోయి, పిల్లలూ లేక, వీలునామా రాయకుండా పోతే, ఆ ఫ్లాటు ముందు వెళ్ళేది ఆమె భర్త తరఫు వారసులకు, కన్న తల్లిదండ్రులకు కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం అలాగే ఉంది. అందుకే 2025 నవంబరులో సుప్రీంకోర్టే మహిళలను వీలునామా రాసుకోమని కోరింది. "ఇప్పుడే ఆ మాటలెందుకు, అశుభం" అనే అమ్మలకు, పిన్నులకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

రాయడం కష్టమేమీ కాదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఏ సర్వే నంబరు, ఏ ఖాతా, ఎవరికి అన్నది తికమక లేకుండా రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ళ సంతకాలూ తీసుకోవాలి. ఆస్తి వచ్చేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి, మీకన్నా చిన్నవాళ్ళయితే రేపు కోర్టుకు రాగలుగుతారు. పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే "ఇది నాన్న సంతకం కాదు" అనే వాదనకు బలం తగ్గుతుంది. వయసు మీద పడినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేస్తే మేలు. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

ఒక జాగ్రత్త. పిల్లలు తొందరపెట్టారని గిఫ్ట్ డీడ్ రాసివ్వకండి. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే మాత్రం ఇల్లు ఇప్పుడే చేయి దాటిపోతుంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద వెనక్కి తెచ్చుకోవచ్చంటారు గానీ, నన్ను చూసుకోవాలి అనే షరతు దస్తావేజులో లేకపోతే నానా తిప్పలు.

ఎక్కడ ఏముందో ఒక పుస్తకంలో రాసి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. మర్చిపోయిన డిపాజిట్లు వెతుక్కోవడానికి రిజర్వ్ బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి మీకే అర్థమవుతుంది.

ఎడిటర్ గారూ, ఒక ఆదివారం వీలునామా నమూనా ఒకటి, మామూలు తెలుగులో, కత్తిరించి దాచుకునేలా వేయండి. దస్తావేజు భాషలో మాత్రం వద్దు, అది రాసినవాళ్ళకే అర్థం కాదు.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి