పార్కు స్థలంలో పాతిన హద్దురాళ్లను తీయించాలని ఫిర్యాదు

నెల్లూరు,
20 జనవరి 2025.

లేఅవుట్ అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఆమోదిత ప్లానులో పార్కుగా చూపిన స్థలాన్ని ప్లాట్లుగా విడగొట్టడం గురించి.

ఆర్యా,

పొదలకూరు రోడ్డు వైపు మీరు వేసిన 12 ఎకరాల లేఅవుట్‌లో నేను 2022లో 25 అంకణాల (మన నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు) ప్లాటు కొన్నాను. మా ఇల్లు లింటల్ మట్టానికి వచ్చిన ఈ సమయంలో, ప్లానులో పార్కు అని చూపిన మూలన మీ మనుషులు గ్రావెల్ తోలి, చదును చేసి, 14 ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. సైటులో ఉన్న మీ మేనేజరును అడిగితే, ప్లాను సవరిస్తున్నామని, దానివల్ల నా ప్లాటుకు ఏమీ కాదని చెప్పారు.

ఆ మాట నిజం కాదు. పార్కుకు ఎదురుగా ఉందన్న కారణంతో నా దగ్గర అంకణానికి 5,000 రూపాయల చొప్పున 1,25,000 రూపాయలు అదనంగా తీసుకున్నారు. ఆ రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. అయితే డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది నీటి సంగతి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లో ఈ నేల ఇంకా మాగాణే. ఇప్పుడు మీరు పూడ్చిన ఆ మూలన నడుము లోతు నీళ్లు నిలవడం పక్క ఊరివాడిగా కళ్లారా చూశాను. చుట్టుపక్కల వాన నీరంతా పల్లంగా ఉన్న ఆ చోటికి చేరి, అక్కడి నుంచి మెల్లగా పంటకాలువలోకి దిగేది. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లోనే పడతాయన్నది మీకూ తెలిసిన సంగతే. ఆ పల్లాన్ని పూడిస్తే రాబోయే వాయుగుండానికి ఆ నీళ్లు మా గడపల్లోకి వస్తాయి. పార్కును అక్కడ చూపిన వారెవరో ఆలోచించే చూపారని నేను ఇన్నాళ్లూ నమ్మాను.

2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం పది శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడు (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. మన లేఅవుట్‌లో అది ఎకరా ఇరవై సెంట్లు, అంటే 726 అంకణాలు. ఆ భూమిని అమ్మే హక్కు మీకు లేదు. ప్లానులో మార్పు చేయాలన్నా, స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్లాట్లు కొన్నవారిలో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా అంగీకరించాలి. అగ్రిమెంటు చివరి పేజీలో మా అందరి చేత పెట్టించిన సంతకమే ఆ అంగీకారమని మేనేజరు వాదిస్తున్నారు. ఏ మార్పో, ఎక్కడో తెలియకుండా, ఇంకా తలపెట్టని పనికి ముందే తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనడం న్యాయం కాదని నేను గట్టిగా చెప్పదలిచాను. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే, హైకోర్టు దానిని కొట్టివేసింది; 1991లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖరారు చేసింది. వైద్యానికి ఇచ్చిన స్థలం విషయంలోనే అంత కచ్చితంగా ఉన్న న్యాయస్థానం, అమ్మకానికి పెట్టిన ప్లాట్లను సమర్థిస్తుందని మీరు ఎలా అనుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లో హద్దురాళ్లను తీయించి, తోలిన గ్రావెల్‌ను ఎత్తించి, ఆ నేలను పూర్వపు మట్టానికి తేవాలని కోరుతున్నాను. ఆ 14 ప్లాట్లలో వేటికైనా అడ్వాన్సు తీసుకుని ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి. కొనేవారు కూడా మాలాగే అప్పు చేసి వచ్చినవారే అయి ఉంటారు. గిఫ్ట్ డీడు రిజిస్టర్ అయి ఉంటే దాని నకలును పంపండి, కాకపోతే ఎప్పుడు చేయిస్తారో రాతపూర్వకంగా తెలపండి. ఫోనులో చెప్పే జవాబును నేను జవాబుగా తీసుకోను.

గడువులోగా పని మొదలుకాకపోతే, ప్లాను నకలు, బ్రోచరు, రసీదు, గ్రావెల్ తోలుతున్నప్పుడు తీసిన ఫోటోలు జతచేసి, ఆ రెరా చట్టాన్ని అమలు చేసే ప్రాధికార సంస్థలో ఫిర్యాదు దాఖలు చేస్తాను. ఈ లేఖ ప్రతిని నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థకు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
63వ నంబరు ప్లాటు యజమాని