ఒలింపిక్స్‌లో క్రికెట్, ఆడేది ఆరు జట్లే

బావా,

మొన్న ఫోన్‌లో "2028లో లాస్ ఏంజెలెస్‌లో మనకి గోల్డ్ ఖాయం" అన్నావు కదా. ఖాయమే కావచ్చు, కానీ పోటీలో ఎంతమంది ఉంటారో చూశావా? మగవాళ్లకి ఆరు జట్లు, ఆడవాళ్లకి ఆరు జట్లు, అంతే. ప్రపంచ క్రికెట్‌ని నడిపే ఐసీసీలో ఉన్నవేమో వందకు పైగా దేశాలు. ఒలింపిక్స్‌లోకి వచ్చింది కాబట్టి ఇక ప్రపంచమంతా క్రికెట్టే అని మనవాళ్లు ఊదరగొడుతున్నారు గానీ, ఇక్కడ డాలస్‌లో ఉండి చూస్తుంటే నాకు అంత నమ్మకం కుదరడం లేదు.

2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో (స్కోర్లు సమమైతే ఆడించే అదనపు ఓవర్లో) ఓడించింది మా దగ్గర గ్రాండ్ ప్రెయిరీలోనే, ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియంలో. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబయి నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడే. మర్నాడు ఆఫీసులో మనవాళ్లదీ పాకిస్తానీలదీ ఒకటే గోల, మిగతావాళ్లకి అసలు మ్యాచ్ జరిగిందన్న సంగతే తెలీదు. వీకెండ్ లీగుల్లోనూ ఆడేది మనమూ మనమే, మధ్యమధ్యలో కొందరు కరీబియన్లు. ఇక్కడి పిల్లలు కాసేపు నిలబడి చూసి వెళ్లిపోతారు. స్కూల్లో ఈ ఆట లేదు, నేర్పేవాళ్లు లేరు, మంచి పిచ్ దొరకడమే గగనం, మరి వాళ్లెలా వస్తారు?

అమెరికావాళ్లకి ఓపిక లేక క్రికెట్ వంటబట్టలేదంటారు గానీ అదొక్కటే కారణం కాదు బావా. మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1844లో న్యూయార్క్‌లో అమెరికాకీ కెనడాకీ మధ్య జరిగింది. 1893లో ఫిలడెల్ఫియా జట్టు ఆస్ట్రేలియానే ఓడించింది. అలాంటిది 1909లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ పెట్టుకుని, బ్రిటిష్ సామ్రాజ్యంలో లేనివాళ్లకి చోటు లేకుండా చేశాయి. ఆ తలుపు మళ్లీ తెరిచింది 1965లో! అప్పటికి ఇక్కడ ఆట ఎప్పుడో చల్లారిపోయింది.

ఇప్పుడు ఆ పెద్దరికం మన చేతికొచ్చింది. మనమేం తక్కువ తినలేదు. 2010, 2014 ఆసియా క్రీడల్లో క్రికెట్ ఉన్నా మనం జట్టునే పంపలేదు. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా చేసే డోప్ పరీక్షలకి మన బోర్డు ఒప్పుకున్నది 2019లో. ఐసీసీ 2024-27కి పంచే డబ్బులో 38.5 శాతం మన బోర్డుకే, అసోసియేట్ దేశాలన్నిటికీ (టెస్టు హోదా లేని చిన్న జట్లకి) కలిపి పదకొండు శాతం పైచిలుకు. మన మార్కెట్ వల్లే ఆ డబ్బు వస్తోందనే వాదన తప్పేం కాదు, కానీ ఆటని పెంచాలంటూనే ఇలా పంచుకుంటే నేపాల్, నమీబియా లాంటివాళ్లు ఎప్పటికి ఎదుగుతారు?

వెస్టిండీస్ సంగతి మరీ అన్యాయం. టీ20 ప్రపంచకప్ రెండుసార్లు గెలిచిన జట్టు, కానీ ఒలింపిక్స్‌లో ఆ పేరుతో దేశమే లేదు, జమైకా వేరు, బార్బడోస్ వేరు, ట్రినిడాడ్ వేరు.

అలాగని ఒలింపిక్స్ వల్ల ఏమీ ఒరగదని కాదు. చాలా దేశాల్లో ప్రభుత్వం డబ్బు పెట్టేది ఒలింపిక్ ఆటలకే, చైనా లాంటి చోట స్కూలు పిల్లల చేతికి బ్యాట్ వచ్చే దారి అదే. 1900లో ప్యారిస్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో ఆడిందేమో ఒక్కటే మ్యాచ్, బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య, ఆ ఫ్రాన్స్ జట్టులోనూ ఎక్కువమంది ఇంగ్లిష్‌వాళ్లే. దానికంటే ఇది నయమే.

2015 వన్డే ప్రపంచకప్‌లో 14 జట్లు ఆడాయి, 2019కి పదికి కుదించారు, 2023లోనూ పదే. 2027లో మళ్లీ 14 చేసి దాన్నే విస్తరణ అంటున్నారు. దీనికేం చెబుతావో ఆదివారం ఫోన్‌లో చెప్పు, అక్క పక్కన ఉన్నప్పుడు మాత్రం వద్దు, ఈ గొడవ మొదలైతే ఫోన్ లాక్కుంటుంది.

నీ బామ్మర్ది