చివరి పేరాలో మనిషి మారిపోడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పుస్తకంలో వచ్చిన కథ గురించి ఈ ఉత్తరం. రాసినవాళ్ళని చిన్నబుచ్చాలని కాదు, భాష చాలా బాగుంది, మన విశాఖ వాన గురించి రెండు లైన్లు ఉన్నాయి చూడండి అవి మా ఆయనకి చదివి వినిపించాను కూడా. నా బాధల్లా అందులో తండ్రి క్యారెక్టర్ గురించి. కథ మొదలు నుంచీ రోజూ తాగొచ్చి ఇంట్లోవాళ్ళని కొట్టే మనిషి, చివర్లో కూతురు టెన్త్ మార్కుల కాగితం చేతిలో పెట్టి నాలుగు మాటలు అనేసరికి సీసా గోడకేసి కొట్టి బావురుమని ఏడ్చి మారిపోయాడు. మొత్తం ఎనిమిది లైన్లు. లెక్కపెట్టాను.

ఇంతలా ఎందుకు పట్టించుకున్నానంటే మా నాన్న తాగేవాడు, మానేశాడు, ఆ మానేయడం నేను దగ్గరుండి చూశాను. పోర్టులో కళాసీ పని, అప్పుడు మేం వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం, డ్యూటీ దిగి వచ్చే దారిలోనే కొట్టు ఉండేది. ఎవరూ ఏ డైలాగూ చెప్పలేదు. ఒకరోజు నేను ఎదురెళ్తే నాన్న రావాల్సిన సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి వేరే వైపు నుంచి వచ్చాడు, ఇటెందుకు వచ్చావు నాన్నా అంటే "ఇటు గాలి బాగుంటాదమ్మా" అన్నాడు, అంతే. తర్వాత కొన్నాళ్ళకి చొక్కా జేబులో వేయించిన బఠానీలు కనపడేవి, దారంతా అవే నవుల్తూ వచ్చేవాడు. మూడు నెలలు బాగానే ఉన్నాడు, కనుమ రోజు మళ్ళీ తాగొచ్చాడు, అమ్మ ఏమీ అనకుండా కంచం పెట్టింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. మళ్ళీ మొదలు. జీతం కవరు విప్పకుండా తెచ్చి అమ్మకి ఇచ్చి ఆవిడ లెక్కపెట్టేదాకా అక్కడే నిలబడేవాడు, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు. ఇంకోటి చెప్పాలి, మానేసిన కొత్తలో నాన్న మంచివాడైపోలేదు, ఇంకా చిరాకు మనిషయ్యాడు, కుళాయి కారుతున్నా అరుపే రేడియో గొంతు పెరిగినా అరుపే, సుమారు ఏడాది పట్టింది ఆ కోపం దిగడానికి. మీ కథలో తండ్రికి ఇందులో ఒక్కటి ఇచ్చినా, ఆ బఠానీలు చాలు కదండీ, నేను నమ్మేదాన్ని.

కథ చిన్నది, చోటు లేదు అంటారేమో. చోటు గురించి కాదు నేనంటున్నది. మనిషి మారాడని చెప్పడానికి చోటు అక్కర్లేదు కానీ మారగలడు అని నాకు ముందే ఎక్కడో అనిపించాలి, మొదటి పేజీలో ఆ తండ్రి తాగి ఉన్నా సరే కూతురి చెప్పు తెగితే గుమ్మంలో కూచుని కుట్టాడనుకోండి, చివర్లో ఏడుపు దానంతటదే వస్తుంది. అసలు మారకపోయినా తప్పు లేదు. గురజాడ వారి కన్యాశుల్కం నాటకంలో గిరీశాన్నే చూడండి, చివర్లో పట్టుబడిపోయి కూడా ఏడవడు, కాళ్ళమీద పడడు, కథ అడ్డంగా తిరిగిందని విసుక్కుంటాడు, ఆ మనిషి అలాగే అనాలి, అందుకే ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఆ మాట నడుస్తోంది. ఆ నాటకం 1897లో అచ్చయితే 1909లో ఆయన దాన్ని బాగా పెంచి మళ్ళీ రాసి వేయించారు, మధురవాణి అంత మనిషిగా నిలబడింది ఆ రెండోసారే. అంత పెద్దాయన తన పాత్రల్ని తనే మళ్ళీ చూసుకున్నారంటే మనమెంత. మన ఊళ్ళోనే ప్లీడరుగా ఉన్న రావిశాస్త్రి గారి అల్పజీవి నవలలో సుబ్బయ్య కూడా అంతే, ఆ భయం పైన పూసినట్టు ఉండదు, ఒంట్లోనే ఉంటుంది, ఎదుటివాడి చూపుకే కుంచించుకుపోతాడు, చదువుతుంటే నా భుజాలు కూడా ముడుచుకున్నాయి.

ఇంకో విషయం, ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఫ్యాన్ ఫిక్షన్ అని రాస్తున్నారు, అంటే సీరియల్లోదో సినిమాలోదో క్యారెక్టర్ని తీసుకుని తమ కథ అల్లుకోవడం. దాన్ని చిన్నచూపు చూడకండి ప్లీజ్. మనవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే అది. సత్యభామని పోతన గారు విల్లు పట్టించి నరకాసురుడి మీదకి పంపారు, నంది తిమ్మన గారు అలకలో కృష్ణుడి తలనే కాలితో తోయించారు, ఇద్దరూ వేరే వేరే పనులు చేయించినా చూడగానే ఈవిడ సత్యభామే అని తెలిసిపోతుంది, ఆ పౌరుషం వాళ్ళు పోనివ్వలేదు. పరాయివాళ్ళ పాత్రని అరువు తెచ్చుకుంటే కొత్త చీర కట్టొచ్చు, కొత్త ఊరు పంపొచ్చు, ఆ స్వభావాన్ని మాత్రం దారి చూపించకుండా మార్చేస్తే పేరొక్కటే మిగుల్తుంది.

మా చెల్లి కూతురు ఇంటర్ చదువుతోంది, ఒక సీరియల్లో విలన్ అత్తగారిని తీసుకుని ముప్పై భాగాల పైన రాసింది. మొన్న ఆర్కే బీచ్‌లో ఇసకలో కూచుని మురీ మిక్చర్ తింటూ నాకు చదివి వినిపించింది. పన్నెండో భాగంలో ఆ అత్త ఉన్నట్టుండి కోడలికి నగలన్నీ ఇచ్చేస్తుంది. ఎందుకే ఇచ్చింది అన్నాను. మంచిగా మారింది పెద్దమ్మా అంది. ఎప్పుడు మారింది, నాకు కనపళ్ళేదే అన్నాను. పాపం మొహం చిన్నబోయింది, నాకూ బాధేసింది, కానీ అబద్ధం చెప్పలేను కదా. సూర్యుడు పోయేదాకా మాట్లాడుకున్నాం, ఆ అత్తకి దేనికి భయం, రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తుంది, కోడలిగా వచ్చిన కొత్తలో ఈవిడకి ఎవరు ఏం చేశారు, ఇలాంటివి. కథలో ఇవన్నీ రాయక్కర్లేదు, రాసేవాళ్ళకి తెలిసుండాలి అంతే.

మీకు నా విన్నపం ఏంటంటే, కొత్తవాళ్ళ కథ తిప్పి పంపేటప్పుడు ఉత్త "ప్రచురించలేకపోతున్నాం" అని కాకుండా ఈ మనిషి ఇక్కడ ఎందుకు మారాడు అని ఒక్క ప్రశ్న రాసి పంపించండి, మీకు పని ఎక్కువే, తెలుసు, అయినా అడుగుతున్నా. కథ నిడివి ఎక్కువైతే కోసేసేటప్పుడు కూడా మనిషి కనపడే చిన్న చిన్న పనులు ఉంచి సంఘటనలు కోయండి, రెండు వారాలు వేసినా మేం ఆగుతాం.

మా పిల్ల ఆ పన్నెండో భాగం తీసేసి మళ్ళీ రాసింది. ఇప్పుడు నగలు లేవు. కోడలు ఎంత వాడుతోందో తెలియాలని ఆ అత్త పంచదార డబ్బా మీద రోజూ పెన్సిల్‌తో గీత పెడుతుంది, ఒకరోజు పొద్దున్న డబ్బా తీస్తుంది, టీ పెడుతుంది, గీత పెట్టకుండా మూత వేసేస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం