చదవకుండానే చెడ్డ పుస్తకమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'ద క్యాచర్ ఇన్ ద రై' అనే అమెరికన్ నవల మీద వచ్చిన వ్యాసం గురించి ఇది రాస్తున్నాను. పిల్లల్ని పాడుచేసే పుస్తకమనీ, కాలేజీ లైబ్రరీల్లోంచి తీసేయాలనీ తీర్పు చెప్పేశారు. అది చదివిన తల్లిదండ్రులు పిల్లల పుస్తకాల సంచులు వెతుకుతున్నారని తెలిశాక ఊరుకోలేకపోయాను.

1951లో వచ్చిన నవల అది. అమెరికాలోనూ దాని మీద గొడవలు జరిగాయి. 1960లో టల్సా నగరంలో దాన్ని పాఠంగా పెట్టిన టీచరు ఉద్యోగం తీసేశారు. తర్వాత మళ్లీ తీసుకున్నారు గానీ నవలను మాత్రం పక్కన పెట్టేశారు. 1980లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపినవాడి దగ్గర ఈ పుస్తకం దొరికిందన్నది మీ వ్యాసకర్త పట్టుకున్న పెద్ద ఆధారం. లక్షల మంది చదివిన పుస్తకానికి ఒక హంతకుడి పాపం అంటగట్టడం ఏం న్యాయం?

బూతులున్నాయన్నారు. ఉన్నాయి, కాదనను. కానీ చెల్లెలి బడి గోడ మీద ఎవరో రాసిన బూతుమాట కంటపడితే ఆ నవల కథానాయకుడు హోల్డెన్ ఏం చేశాడో రాశారా? చిన్నపిల్లలు చూస్తారేమోనని అల్లాడిపోయి చేత్తో తుడిచేస్తాడు. ఇంకోచోట అదే మాట కత్తితో చెక్కి ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. హోటల్ గదికి డబ్బుకోసం వచ్చిన అమ్మాయితో కాసేపు మాట్లాడితే చాలంటాడు. పదహారేళ్ల కుర్రాడు, నాలుగు సబ్జెక్టులు తప్పితే బడివాళ్లు గెంటేశారు. తమ్ముడు లుకేమియాతో పోయిన రాత్రి గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఆ తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ నిండా ఆకుపచ్చ సిరాతో రాసిన కవితలుంటాయి, మైదానంలో ఊరికే నిలబడాల్సి వచ్చినప్పుడు చదువుకోవడానికి. ఆ గ్లవ్ ప్రస్తావన లేకుండా ఆ నవల గురించి అంత పెద్ద వ్యాసం ఎలా రాశారో నాకు అంతుపట్టలేదు. నచ్చకపోతే నచ్చలేదనండి. వాడి సణుగుడు విసుగు పుట్టించే పేజీలు నాకూ కనిపించాయి. అంతమాత్రాన నిషేధమా?

అదీ కడప నుంచి వచ్చిన వ్యాసంలోనా! పండితులు పక్కన పెట్టిన వేమన పద్యాలను, మన ఊళ్లో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర ఏరి కూర్చి 1829లో అచ్చు వేయించాడు. వేమనలో మోటుమాటలు లేవా? ఆ దొర పేరు మీద జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టిన ఊరిది. ఇక్కడ కూర్చుని పుస్తకాలు తీసేయమనడానికి నోరెలా వచ్చింది?

తీసేయడానికైనా అసలు లైబ్రరీల్లో ఏమున్నాయి? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. మా పేట శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్లు తప్ప కొత్త పుస్తకం కనిపించదు. నవలల బీరువాకు తాళం. అడిగితే తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారంటారు. అద్దంలోంచి చూస్తే అట్టల మీద చెదపుట్ట కనిపిస్తోంది. పై అధికారులకు రాస్తే జవాబు కూడా లేదు.

ఇక పిల్లలు పాడైపోతున్నారని బాధపడేవాళ్లు ఇంటర్ హాస్టళ్ల వైపు చూడండి. చీకటితో లేపి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కుదేస్తున్నారు. ఫలితాలు వచ్చిన మర్నాడు ఎలాంటి వార్తలు అచ్చువేయాల్సి వస్తోందో మీకు నేను చెప్పక్కర్లేదు. హోల్డెన్‌కు చెల్లెలు ఫీబీ ఉంది. నీకేదీ నచ్చదు, నచ్చేది ఒక్కటైనా చెప్పు అని అన్నను నిలదీస్తుంది ఆ పిల్ల. మన పిల్లల్ని ఆ మాట అడిగే తీరిక ఎవరికుంది? ర్యాంకు ఎంత, మార్కులెన్ని, అంతే కదా మనం అడిగేది!

ఈ నవల మీద మళ్లీ వ్యాసం వేసేటట్టయితే చివరిదాకా చదివినవారి చేత రాయించండి. అలాగే జిల్లాలోని శాఖా గ్రంథాలయాలకు గత ఐదేళ్లలో పిల్లల కోసం ఏ కథలు, ఏ నవలలు కొన్నారో మీ విలేకరి చేత అడిగించి ఆ జాబితా మొత్తం ప్రచురించండి.

– రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, కడప