దాచమని చెప్పేవాళ్ళ గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూడాల్సిన ఉద్యోగాలకు ఇచ్చే అనుమతి) గురించి మీరు వేసిన వార్త చదివి పది రోజులైనా మనసు కుదుటపడక ఇది రాస్తున్నాను. ఇండియాలో బంధువులుంటే ఇక కష్టమేనని తేల్చేశారు. ఎవరు చెప్పారండీ మీకు?

మా అబ్బాయి వర్జీనియాలో పుట్టి పెరిగాడు, కోడలిది గుడివాడ. ఈ క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో అత్తమామల వివరాలు కూడా అడుగుతారు. ‘అవన్నీ రాస్తే లేటవుతుంది, వదిలేయండి’ అని కన్సల్టెన్సీ వాళ్ళు చెబితే మావాడు నమ్మి వదిలేశాడు. ఇంటర్వ్యూలో ఇన్వెస్టిగేటర్ నోట్‌బుక్ తెరిచి మొదట అడిగిందే, మీ ఆవిడ తల్లిదండ్రులు ఎక్కడుంటారని. ముందు రాత్రే వాడు అత్తగారితో గంటసేపు వీడియో కాల్ మాట్లాడాడు! తర్వాత క్లియరెన్స్‌కి అభ్యంతరాలు చెబుతూ వచ్చిన నోటీసులో విదేశీ సంబంధాల మీద ఒక్క పేరా ఉంది, నిజం దాచాడన్నదాని మీద మూడు పేరాలు ఉన్నాయి.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 గైడ్‌లైన్స్‌లో, విదేశీ సంబంధాల విషయానికొస్తే, బంధువులు ఏ దేశంలో ఉన్నారు, ఏం చేస్తారు, వాళ్ళ వల్ల మన మీద ఒత్తిడి వచ్చే వీలుందా అని చూస్తారు, అంతే. పొరపాటున ఏదైనా వదిలేస్తే, వాళ్ళు పట్టుకోకముందే మనంతట మనం చెబితే అది మనకు అనుకూలంగా తీసుకుంటారు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. అసలు రాయాల్సింది ఇది కదా!

పెద్దవాళ్ళ సంగతి వేరే. ట్రంప్ అల్లుడు కుష్నర్ 2017లో ఇచ్చిన ఫారంలో విదేశీయుల పేర్లే లేవు, తర్వాత వందకు పైగా కలిపాడు, 2018 మేలో శాశ్వత క్లియరెన్స్ వచ్చేసింది. వైట్‌హౌస్‌లో సిబ్బంది ఇవ్వొద్దన్న 25 మందికి పైవాళ్ళు క్లియరెన్స్ ఇప్పించారని అక్కడి ఉద్యోగినే 2019లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) కమిటీకి చెప్పింది. మామూలు ఉద్యోగికి అలాంటి దిక్కు ఎవరున్నారు? ఫీజు పుచ్చుకుని అబద్ధం రాయించిన కన్సల్టెన్సీ ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు, వాళ్ళను అడిగే నాథుడు లేడు, మన సంఘాలు సభలు పెడతాయి గానీ ఇలాంటివి ఒక్కసారైనా చెప్పవు.

మీ వార్త చదివి మా వియ్యపురాలు ‘నా వల్లే అల్లుడి ఉద్యోగం పోతోందా’ అని ఫోన్లో ఏడ్చింది. కాదని మేం ఎంత చెప్పినా నమ్మడం లేదు. మీ పత్రికలో వస్తే నమ్ముతుంది, దయచేసి వేయండి.

– ఒక పాఠకురాలు, వర్జీనియా