వార్మర్లకు రిబ్బను సరే, తల్లికి కుర్చీ ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో నెలలు నిండని పిల్లల వార్డు గురించి వార్త వేశారు. ఏ ఆసుపత్రో అందరికీ తెలుసు, ఫొటో కూడా పెద్దదే. పసిపిల్లల ఒళ్ళు వెచ్చగా ఉంచే కొత్త వార్మర్ల ముందు ప్రజాప్రతినిధి, పక్కన అధికారులు, వెనక అనుచరులు. అంతమంది శాలువాలతో పసిపిల్లల వార్డులోకి దూరారు. చేతులు కడుక్కున్నారా అని అడిగిన నర్సు మర్నాడు అదే వార్డులో ఉండదు కాబట్టి ఎవరూ అడిగి ఉండరు. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు.

ఆ వార్త చివర్లో ‘ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అధునాతన కంగారూ వైద్యం కూడా ఇక్కడ అందుబాటులో ఉంది’ అని రెండు లైన్లు రాశారు. కంగారూలు అక్కడుంటాయి గనక వైద్యమూ అక్కడిదే అనుకున్నట్టున్నారు మీ విలేకరి. ఇది 1978లో కొలంబియా దేశంలో, బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు మొదలుపెట్టింది. అక్కడ ఇంక్యుబేటర్లు చాలేవి కావు. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పడుకోబెడితే ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకుని పిల్లలు చనిపోయేవారు. అప్పుడాయన బిడ్డను తల్లి గుండెల మీదే పెట్టి కట్టించారు. డబ్బుల్లేని ఆసుపత్రిలో పుట్టిన పద్ధతి మన ఊరొచ్చేసరికి ‘అధునాతనం’ అయిపోయింది! కేంద్ర ప్రభుత్వం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది 2014లో. ఇప్పుడు కొత్తగా చెప్పుకోవడానికి ఏముంది?

నేను సర్వీసులో ఎక్కువ కాలం పిల్లల వార్డుల్లోనే పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సుని. కిలోన్నర బిడ్డకు ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, తన వేడి తాను నిలుపుకోలేదు. టోపీ, సాక్సు, డైపరు తప్ప ఇంకేమీ వేయకుండా, తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, తల ఒక పక్కకు తిప్పి, కాళ్ళు కప్పలా ముడుచుకునేలా పెట్టి మెత్తని గుడ్డతో కడితే ఒళ్ళు చల్లబడదు, ఊపిరి కుదురుకుంటుంది, తల్లికి పాలూ బాగా పడతాయి. తల్లి నీరసంగా ఉంటే తండ్రి పెట్టుకోవచ్చు, అమ్మమ్మ పెట్టుకోవచ్చు. పురుడు, మైల అంటూ తండ్రిని గుమ్మం బయట నిలబెట్టే ఇళ్ళలో ఈ మాట చెప్పి చూడండి! ‘ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదు’ అని బాలింత పక్కనే కూర్చుని అనే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ళకు చెప్పాల్సింది మీ పేపరే కదా.

ఫొటో తీసేదాకా పావుగంట ఎత్తుకుంటే అది కంగారూ కేర్ కాదు. రోజుకు 8 నుంచి 24 గంటలు, అదీ పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్న, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న పిల్లల సంగతి వేరు. అంతకు ముందు బిడ్డ కుదుటపడేదాకా ఆగమనేవారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో 1.8 కిలోల లోపు పిల్లల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చాక మాట మారింది. ఆగినచోట నెలలోపు నూటికి దాదాపు 16 మంది చనిపోతే, వెంటనే తల్లికి కట్టినచోట 12 మంది. దానికోసం వాళ్ళు పిల్లల ఐసీయూలోనే తల్లులకు మంచాలు వేశారు.

మరి మన దగ్గర? ఆపరేషన్ కుట్లతో ఉన్న బాలింత ప్లాస్టిక్ స్టూలు మీద ఎనిమిది గంటలు ఎలా కూర్చుంటుంది? వెనక్కి వాలే కుర్చీ కావాలి, చాటుకు తెర కావాలి, ముందు విప్పుకునే గౌను కావాలి, కట్టడం నేర్పే నర్సు కావాలి. వీటికి రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదు కాబట్టి ఫైలు కదలదు.

ప్రైవేటులో ఏదో ఒరగబెడుతున్నారనీ కాదు. మా బంధువుల అమ్మాయికి నెలలు నిండకుండా కాన్పయితే బిడ్డ కింద ఐసీయూలో, తల్లి మూడో అంతస్తులో. అద్దంలోంచి చూసి రమ్మన్నారు. కంగారూ కేర్ చేయిస్తారా అని అడిగితే ‘ఇన్‌ఫెక్షన్ వస్తుందమ్మా’ అన్నారు. వార్మర్ చార్జీలు మాత్రం రోజువారీ లెక్క కట్టి బిల్లులో వేశారు. తల్లి ఒంటి వేడికి బిల్లు వేయలేరు కదా, పాపం.

ఆరోగ్యశ్రీ పేరు, బోర్డులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుస్తారు. దానికి పెయింటు ఎప్పుడూ తక్కువ కాదు. 2015లో మన గుంటూరు పెద్దాసుపత్రిలో పసికందును ఎలుకలు కొరికి ప్రాణం పోయాక గానీ ఎవరూ వార్డుల వైపు చూడలేదు. చూసి ఎన్నాళ్ళు గుర్తుంచుకున్నారు?

ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నవజాత శిశు విభాగాలున్న ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటునూ మీ పేపరు రెండే అడగాలి. తల్లులు బిడ్డను పెట్టుకుని కూర్చోవడానికి కుర్చీలెన్ని? రాత్రిపూట తల్లిని లోపలికి రానిస్తున్నారా లేదా? జవాబులు ఆసుపత్రి పేరుతో సహా వేయండి. సెక్యూరిటీ వాళ్ళ చేతిలో ఎంత పెడితే లోపలికి వదులుతున్నారో కూడా కనుక్కోండి. ఫొటోగ్రాఫర్‌ని పంపేటట్టయితే పగలు ఎవరో వచ్చే టైముకు వద్దు. రాత్రి పది దాటాక పంపండి, తల్లులు వరండాలో ఎక్కడ పడుకుంటున్నారో తీసుకొస్తాడు.

— రిటైర్డ్ స్టాఫ్ నర్సు, బ్రాడీపేట, గుంటూరు